ఇరవై మాటల లెక్క

శనివారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు.

సైబర్ సెల్ గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చేతిలో ఫోను. కళ్ల కింద నల్లటి చారలు.

"మనిషి కనిపించడం లేదని కంప్లయింట్ ఇవ్వాలి సార్."

"ఎవరు? మీకేమవుతారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ తడబడింది.

"ఏమీ కారు. తొమ్మిదేళ్లుగా తెలుసు. ఇంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు."

పక్క టేబుల్ దగ్గర హెడ్ కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి ఫైల్లో తల దూర్చింది. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. చూడని మనిషి కోసం రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని చూసి నవ్వే వయసు ఆయనకు దాటిపోయింది.

ఆయనకు యాభై తొమ్మిది. రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది కదా, కుర్చీలో కూర్చునే పని ఇద్దామని పైవాళ్లు సైబర్ సెల్‌లో వేశారు. కంప్యూటర్‌తో ఆయనది అంటీ ముట్టని కాపురం. భార్య పోయిన నాలుగేళ్లలో ఒక అలవాటు మాత్రం పట్టుకుంది. దేన్ని చూసినా లెక్కపెడతాడు. క్వార్టర్స్ మెట్లు, కిటికీ ఊచలు, అన్నం ముద్దలు. ఇంట్లో పలకరించే దిక్కులేని మనిషికి అంకెలే చుట్టాలు. స్టేషన్లో వెనకాల 'లెక్కల మాస్టారు' అంటారు. ఆయనకూ తెలుసు. చొక్కా ఎడమ కఫ్‌కి గుండీ ఊడి నెల దాటింది. అక్కడ పిన్నీసు ఉంది.

"కూర్చోండమ్మా. మొదటినుంచి చెప్పండి."

ఆవిడ చెప్పింది. ఉద్యోగం స్కూల్లో టీచరు. తీరిక వేళల్లో ఒక ఫోరమ్‌కి అడ్మిన్. ఫోరమ్ పేరు 'సూదీదారం'. కుట్టుపని చేసుకునేవాళ్లు వేలమంది అందులో చేరి మంచీ చెడూ మాట్లాడుకుంటారు. వస్తువులు అమ్ముకోవడానికి 'అంగడి' అని ఒక విభాగం ఉంది.

"కనిపించకుండా పోయినావిడ మాలో పాత మెంబరు. ఫోరమ్‌లో పేరు 'పాతకత్తెర'. రిటైరైన టైలరు. ఒక్కరే ఉంటారు. రోజూ ఉదయం ఆరూ పదికి ఒక పోస్టు పెడతారు. గడియారం తప్పినా ఆవిడ తప్పరు."

"ఏం రాస్తారు?"

ఆవిడ ఫోను చూపించింది.

'నిన్న రెండు కాలర్లు మార్చాను.'

'జిప్పు మొరాయించింది.'

'ఎవరూ రాలేదు. దిండు గలీబు కుట్టాను.'

ఇన్‌స్పెక్టర్ ఆ మూడోదాన్ని రెండుసార్లు చదివాడు.

"మరి ఇవాళ పెట్టలేదా?"

"ఇవాళ లేదు. నిన్న పెట్టారు. కానీ సార్, అది ఆవిడ రాసింది కాదు. ఒట్టేసి చెప్తాను. చూడండి."

నిన్న, అంటే శుక్రవారం, ఉదయం ఆరూ పది. పాతకత్తెర పేరుతో పోస్టు:

'అందరికీ నమస్కారం, నేను కొన్నాళ్లు మా చెల్లెలి ఊరికి వెళ్తున్నాను, ఫోన్ ఉండదు, నీలిగుండీ మోటార్లు చాలా బాగున్నాయి, నా మాటగా అందరూ నిశ్చింతగా కొనుక్కోండి, సెలవు.'

"ఈ నీలిగుండీ ఎవరు?"

"నాలుగు నెలల కిందట చేరిన మెంబరు. మొహం, అసలు పేరు ఎవరికీ తెలీదు. రోజూ ఉదయం ఆవిడ పోస్టుకి జవాబు రాసేది ఆ ఒక్కరే. మూడు వారాల కిందట అంగడిలో చిన్న మోటార్లు అమ్మకానికి పెట్టారు. చేత్తో తిప్పే పాత కుట్టుమిషన్‌కి బిగించేవి. అమ్మాలంటే పాత మెంబరు ఒకరు హామీ ఇవ్వాలి. ఈవిడే ఇచ్చారు."

"మోటార్లు మంచివేనా?"

"బుధవారం మా మెంబరు ఒకావిడకి షాక్ కొట్టింది. రెండు వేళ్లకి స్పర్శ పోయింది. గురువారం మధ్యాహ్నం ఆ సంగతి పాతకత్తెరగారికి రాసిందట. నాకు నిన్న రాత్రి తెలిసింది. ఈ ఉదయమే ఆ అమ్మకం ఆపేశాను. ఇవాళ్టితో బుకింగ్ ముగియాలి."

ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"ఈ అకౌంట్ల ఐపీ అడ్రస్‌ల కోసం మెయిల్ పెట్టు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో. "ఆవిడ ఫోన్ కాల్ రికార్డు కూడా."

"శనివారం సార్. ఐపీ జవాబు సోమవారానికి గానీ రాదు."

"సోమవారం దాకా ఆగే కేసులా లేదిది. ఇల్లు చూద్దాం పద."

* * *

పది గంటల ఐదు నిమిషాలు.

హామీ పత్రంలో ఉన్న అడ్రస్. రెండంతస్తుల పాత బిల్డింగ్. కింద దారాలు, గుండీలు, జిప్పులు అమ్మే షాపు. షాపు వెనక దాని గోడౌన్. పక్కనుంచి పైకి మెట్లు. పై వాటాలో టైలరమ్మ. వీధిలో అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు.

మెట్లమీద పట్టపగలే చీకటి. ఇన్‌స్పెక్టర్ అలవాటుగా లెక్కపెడుతూ ఎక్కాడు. ఐదు, ఆరు, ఏడు. ఏడో మెట్టుకి అంచు లేదు. కాలు జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మొత్తం పంతొమ్మిది.

తాళం పగలగొట్టారు.

ఒకే గది. కిటికీ పక్కన చేతిమిషను. దానిమీద సగం కుట్టిన పిల్లల గౌను, సూదికింద అలాగే ఉంది. కుర్చీ ఒకటి. కంచం ఒకటి. గ్లాసులు మాత్రం రెండు. రెండో గ్లాసు నిండా గుండీలు. దాన్ని నీళ్లకు వాడే అవసరం ఎప్పుడూ పడినట్టు లేదు.

"చేతిసంచీ లేదు సార్. ఫోను లేదు. ఊరికి వెళ్లినట్టే ఉంది," అంది హెడ్ కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ షెల్ఫ్ మీద ప్లాస్టిక్ డబ్బా తీశాడు. రోజుకు రెండు చొప్పున వారానికి పద్నాలుగు గదులు. గురువారం ఉదయం గది ఖాళీ. గురువారం రాత్రి గదిలో మూడు మాత్రలు. అక్కడినుంచి అన్నీ నిండుగానే ఉన్నాయి.

డబ్బా కింద ఉన్న మందుల చీటీ చూసి డాక్టరుకు ఫోన్ చేశాడు.

"గుండె మాత్ర, షుగర్ మాత్రా," అన్నాడు డాక్టరు. "రెండు పూటలు మానితే కళ్లు తిరుగుతాయి. మూడు రోజులు మానితే నేను పూచీ పడలేను."

గురువారం రాత్రి, శుక్రవారం, శనివారం. అప్పటికే నాలుగు పూటలు.

గుమ్మం పక్కన ఒక జత తోలు చెప్పులు గోడకు ఆనించి ఉన్నాయి. తుడిచి పెట్టినట్టున్నాయి. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు.

"ఆవిడకి ఇంకేమైనా చెప్పులున్నాయామ్మా?" కింద జీపులో ఉన్న అడ్మిన్‌కి ఫోన్ చేసి అడిగాడు.

"బయటికి అదొక్క జతే సార్. ఇంట్లోకి మాత్రం పాత జీన్స్ గుడ్డతో కుట్టుకున్నారు. ఫోటో పెట్టారు కూడా. 'మెత్తగా ఉన్నాయి' అని రాశారు."

గుడ్డ చెప్పులు గదిలో ఎక్కడా లేవు.

కిందికి దిగారు. షాపులో రేడియో హోరెత్తుతోంది. కౌంటర్ వెనక యాభై ఏళ్లాయన తలవంచుకుని దారపు ఉండలు రంగులవారీగా సర్దుతున్నాడు. వచ్చింది పోలీసులైనా తల ఎత్తలేదు.

"ఏం కావాలండీ?"

"టైలరమ్మ కావాలి. రేడియో కొంచెం తగ్గించండి."

షాపాయన తల ఎత్తాడు. రేడియో తగ్గించాడు. పూర్తిగా కాదు, ఓ వీసమెత్తు.

"ఆవిడని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"గురువారం అనుకుంటా సార్. తెల్లదారం తీసుకెళ్లింది."

"ఎన్నింటికి?"

"పొద్దున్న. పది, పదిన్నర."

"మాట్లాడిందా?"

"మా మధ్య మాటలేముంటాయి సార్. ఏం కావాలంటాను. తెల్లది అంటుంది, నల్లది అంటుంది. ఇస్తాను. పద్దెనిమిదేళ్లుగా అంతే."

"ఎప్పుడైనా పైకి వెళ్లారా?"

"మోకాళ్ల నొప్పులు. నేను పైకెక్కి ఆరేళ్లయింది. మెట్లు పాడయ్యాయని ఎవరో అంటే విన్నాను. పోయిన వానల్లో గ్యాస్ సిలిండర్ దొర్లిందట."

"ఫోరమ్‌లు, గీరమ్‌లు చూస్తారా?"

"నాకు ఈ దారాలే తెగవు సార్," అని షాపాయన మళ్లీ తల వంచుకున్నాడు.

* * *

పదకొండు గంటల పది నిమిషాలు.

టైలరమ్మకు మిగిలిన ఒకే ఒక్క చుట్టం చెల్లెలి కొడుకు. ముప్పై ఐదేళ్లవాడు. లారీలకు లోడు వేయించే ఆఫీసులో సూపర్‌వైజరు. వస్తూనే రుసరుసలాడాడు.

"మా పెద్దమ్మ కనిపించకపోతే నన్నెందుకు పిలిపించారు సార్? నేనేం చేశాను?"

"బుధవారం ఆవిడకి ఫోన్ చేసి గట్టిగా అరిచావు. ఏడు నిమిషాలు. కాల్ రికార్డులో ఉంది, మీ ఆఫీసువాళ్లు విన్నారు."

"ఆ గది ఖాళీ చేసి మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. రానంది. ఈ మిషను వదిలి రాదట. కోపం వచ్చింది, అరిచాను. అది నేరమా?"

"చివరిసారి ఇక్కడికి ఎప్పుడొచ్చావు?"

వాడి నోరు తగ్గింది. "ఏడాది దాటింది సార్."

"ఈ పోస్టు చదువు."

వాడు చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇదెవరు రాశారు సార్?"

"ఏం?"

"చెల్లెలి ఊరికి వెళ్లడమేంటి? మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. పెద్దమ్మకి ఇంకో చెల్లెలు లేదు."

అడ్మిన్ చీర చెంగుతో కళ్లు అద్దుకుంది.

"నాలుగేళ్లా? ఆవిడ మాకెప్పుడూ చెప్పలేదు," అంది. తర్వాత చిన్నగా అంది. "మేమూ అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ జీపు బానెట్ మీద ఫోను పెట్టుకుని నీలిగుండీ జవాబులు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.

అన్నీ తియ్యని మాటలే. మందులు వేసుకున్నారా, కళ్లజోడు మార్చారా, నిద్ర పట్టిందా. కన్నకొడుకు కూడా అన్నిసార్లు అడగడు. చదువుతుంటే ఆయనకే ఎక్కడో కలుక్కుమంది. తనకు ఎవరైనా ఇలా రాస్తే? రోజూ పొద్దున్నే, పిలవకుండానే? తనైనా హామీ ఇచ్చేసేవాడు. పేరు కూడా అడిగేవాడు కాదు.

ఒక పోస్టు దగ్గర ఆయన వేలు ఆగింది.

'వర్షం పడుతోంది అమ్మా, ఇవాళ కిందికి దిగేటప్పుడు ఏడో మెట్టు దగ్గర జాగ్రత్త, మోకాలు బాగున్నాక మిగిలిన చొక్కాలు కుట్టొచ్చు, తొందర లేదు, ఆరోగ్యం ముఖ్యం కదా.'

"ఈ ఏడో మెట్టు సంగతి ఆవిడ ఫోరమ్‌లో ఎప్పుడైనా రాశారా?"

అడ్మిన్ వెతికింది. మెట్టు అన్న మాటే పాతకత్తెర పోస్టుల్లో ఎక్కడా లేదు.

"పేర్ల కింద ఈ అంకెలేంటమ్మా? పాతకత్తెర కింద నలభై ఒకటి అని ఉంది. నీలిగుండీ కింద వంద."

"పోస్టుల లెక్క సార్."

"తొమ్మిదేళ్లు రోజూ రాసినావిడకి నలభై ఒకటా?"

"ఇరవై మాటలకి తక్కువైతే లెక్కలోకి రాదు సార్. ఆవిడెప్పుడూ మూడు నాలుగు మాటలే రాస్తారు. లెక్కకొచ్చే పోస్టులు వంద పూర్తయితేనే అంగడి తెరుచుకుంటుంది. అడ్డమైనవాళ్లూ వచ్చి సరుకు అమ్మి మాయమైపోకుండా ఈ రూలు."

"నీలిగుండీ వందో పోస్టు ఎప్పుడు పెట్టాడు?"

"మూడు వారాల కిందట. మంగళవారం ఉదయం ఆరూ ఇరవై ఐదు."

"మోటార్ల అమ్మకం?"

అడ్మిన్ చూసింది.

"అదే రోజు. ఆరూ నలభై."

"ఆ తర్వాత ఆవిడకి జవాబు రాశాడా?"

"ఒక్కటి కూడా లేదు సార్."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఏడో మెట్టు పోస్టులో మాటలు లెక్కపెట్టాడు. తర్వాత దానికి ముందుది. దానికి ముందుది. పది పోస్టులు లెక్కపెట్టాక, శుక్రవారం నాటి సెలవు పోస్టు తీశాడు. దాన్నీ లెక్కపెట్టాడు.

పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"అందరినీ పైకి పిలు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో. "షాపాయన్ని కూడా. పంచనామాకి సాక్షి కావాలని చెప్పు. నేను చివర వస్తాను."

* * *

పన్నెండున్నర.

మెట్లమీద అదే చీకటి. ముందు అడ్మిన్, ఫోన్ టార్చి వేసుకుని. పంతొమ్మిది అడుగులు. తర్వాత చెల్లెలి కొడుకు. ఏడో మెట్టు దగ్గర "అబ్బా!" అని ముందుకు తూలాడు. పంతొమ్మిది అడుగులూ ఒక తిట్టూ. తర్వాత షాపాయన. చేతులు వెనక కట్టుకుని, తల వంచుకుని, టార్చి లేకుండా ఎక్కాడు.

ఇన్‌స్పెక్టర్ కింద నిలబడి విన్నాడు. పద్దెనిమిది.

పైన గదిలో నలుగురూ గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఉన్న ఒక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"నాకు ఫోరమ్ సంగతులు తెలీవు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "లెక్కపెట్టడం తెలుసు. కాబట్టి లెక్కే చెప్తాను. ఈవిడ మూడు మాటల మనిషి. తొమ్మిదేళ్లుగా ఆరు మాటలు దాటింది తక్కువ. నిన్న ఉదయం పోస్టులో సరిగ్గా ఇరవై మాటలున్నాయి. చివర 'సెలవు' అని ఒకటి తగిలించారు. అది లేకపోతే పంతొమ్మిదే."

"అయితే?" అన్నాడు చెల్లెలి కొడుకు.

"ఈవిడకి లెక్కతో పనిలేదు బాబూ. దేన్నీ అమ్మకానికి పెట్టదు. ఇరవై పూర్తిచేసే అవసరం ఎవరికి? వంద పోస్టులు ఇరవై చొప్పున కొలిచి కొలిచి రాసినవాడికి. వేళ్లకి అలవాటైపోయింది. ఊరికే పోయే పోస్టు కూడా ఇరవై దాకా లాగితేగానీ చెయ్యి ఆగలేదు. నీలిగుండీ పోస్టులు నేను చూసినవన్నీ ఇరవయ్యే. కాబట్టి నిన్న ఈవిడ ఫోను పట్టుకున్నది నీలిగుండీ."

రేడియో హోరు కిందనుంచి వినిపిస్తోంది.

"నీలిగుండీకి ఏడో మెట్టు తెలుసు. ఆ మెట్టు విరిగింది పోయిన వానల్లో. చెల్లెలి కొడుకు ఏడాదిగా రాలేదు, ఇందాక తూలిపడ్డాడు. పైగా తల్లి పోయిందని తెలిసినవాడు, చెల్లెలి ఊరని రాయడు. అడ్మిన్ ఈ బిల్డింగ్ చూడటం ఇదే మొదలు. ఇక మిగిలింది..."

"నేను పైకి ఎక్కనే ఎక్కలేదని చెప్పాను కదా సార్!" అన్నాడు షాపాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇన్‌స్పెక్టర్ ఇంకా ఆయన పేరు ఎత్తనే లేదు.

"ఆరేళ్లుగా ఎక్కని మనిషివి, చీకట్లో ఏడో మెట్టు ఎందుకు దాటేశావు?"

షాపాయన గుమ్మంవైపు చూశాడు.

"మెట్లు పంతొమ్మిది. నీ అడుగులు పద్దెనిమిది. గురువారం సాయంత్రం ఆవిడ సంచీ తీసుకెళ్లడానికి వచ్చావు. ఊరికెళ్లినట్టు కనిపించాలి కదా. సంచీ తీసుకున్నావు, తాళం వేశావు, చెప్పులు మరిచిపోయావు. గుమ్మం పక్కనే ఉన్నాయి, చూడు. ఆవిడ కాళ్లకి గుడ్డ చెప్పులున్నాయి. గుడ్డ చెప్పులతో ఎవరూ వీధిలోకి వెళ్లరు. కిందికి దిగుతారు, అంతే." ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దుటినుంచి ఆవిడ నెత్తిమీదే నిలబడి ఆవిడ కోసం వెతుకుతున్నాం. ఆ రేడియో అంత గట్టిగా ఎందుకు మోగుతోంది?"

షాపాయన చెయ్యి జేబుమీదికి వెళ్లింది.

"గోడౌన్ తాళం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

* * *

పన్నెండు యాభై.

హెడ్ కానిస్టేబుల్ ముందు రేడియో ఆపింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. షట్టర్ మీద టక్, టక్. చాలా నెమ్మదిగా. అలిసిపోయి, అయినా మానకుండా.

షట్టర్ ఎత్తారు. మోటార్ల అట్టపెట్టెల మధ్య నేలమీద టైలరమ్మ కూర్చుని ఉంది. చేతిలో చిన్న కత్తెర. పక్కన ఖాళీ అయిన నీళ్ల క్యాను. కాళ్లకు నీలం గుడ్డ చెప్పులు. పెదాలు పగిలిపోయాయి. వెలుతురుకు కళ్లు చికిలించింది.

"పెద్దమ్మా!" అని చెల్లెలి కొడుకు పెట్టెలు తోసుకుంటూ పరిగెత్తాడు. వాడి గడుసుతనమంతా ఆ రెండు అడుగుల్లో కరిగిపోయింది.

గురువారం సాయంత్రం ఐదున్నరకు షట్టర్ పడిందని టైలరమ్మ గొణిగింది. అప్పటినుంచి నలభై మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ లెక్క వేశాడు. వేసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అంబులెన్స్ వెళ్లాక షాపాయన జీపు పక్కన నేలమీద కూర్చుని చెప్పాడు. ఎవరూ కొట్టలేదు. అడగను కూడా లేదు.

"ఫోను పట్టుకుని వచ్చింది సార్. ఎవరికో షాక్ కొట్టిందని చూపించింది. రేపు పొద్దున్నే హామీ వెనక్కి తీసుకుంటానంది. మోటార్లు చూపించమని తనే గోడౌన్‌లోకి వెళ్లింది. సరుకంతా నేను అప్పు చేసి తెచ్చింది సార్... ఫోను నా చేతిలోనే ఉంది, షట్టర్ దించేశాను. బుకింగ్ అయ్యేదాకా, రెండు రోజులే అనుకున్నా. నీళ్లున్నాయి కదా అనుకున్నా. ఆవిడ ఫోనుకి తాళం కూడా లేదు."

తాళం ఎవరి కోసం వేసుకుంటుంది, అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ ఉదయం అమ్మకం ఆపేశారు. అప్పుడైనా ఎందుకు తియ్యలేదు?"

"తీసి, ఆవిడ మొహం ఎలా చూడాలో తోచలేదు సార్."

"మందుల సంగతి, మోకాలి సంగతి, అవన్నీ రోజూ అడిగావు. నీ నెత్తిమీదే ఉంది కదా మనిషి. దారం కొనడానికి వచ్చినప్పుడు తలెత్తి ఒక్కమాట అడిగితే పోయేది."

షాపాయన అప్పుడు కూడా తలెత్తలేదు.

"ఎదురుగా ఏం మాట్లాడాలో నాకు తెలీదు సార్," అన్నాడు. "రాసేటప్పుడు వచ్చేది."

* * *

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. ఆసుపత్రి.

టైలరమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. చేతికి సెలైన్. చెల్లెలి కొడుకు జ్యూస్ తేవడానికి వెళ్లాడు. నిన్నటినుంచి వాడు ఆ బెడ్ వదలడం లేదు.

ఇన్‌స్పెక్టర్ స్టూలు మీద కూర్చున్నాడు. స్టేట్‌మెంట్ రాసుకోవాలి. కానీ ఒక విషయం ఎలా చెప్పాలో ఆయనకు తెలియడం లేదు. నిన్ను రోజూ పలకరించిన మనిషి నీకోసం పలకరించలేదు, లెక్క కోసం పలకరించాడు. ఈ మాట ఒంటరి మనిషికి ఎలా చెప్తారు? గోడౌన్‌లో పెట్టడం కంటే అదే పెద్ద నేరమని ఆయనకు అనిపించింది. దానికి సెక్షన్ లేదు.

"అమ్మా, ఆ నీలిగుండీ ఎందుకు రాశాడంటే... మీ ఫోరమ్‌లో ఒక రూలుంది..."

"వంద పోస్టులు. ఇరవయ్యేసి మాటలు." టైలరమ్మ నవ్వింది. పగిలిన పెదవి నొప్పి పెట్టి ఆపేసింది. "ఆ రూలు నేను చెప్పిందే బాబూ. తొమ్మిదేళ్ల కిందట. వందసార్లు మాట్లాడినవాడు మోసం చెయ్యడనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టేశాడు.

"అయితే లెక్క కోసమేనని మీకు తెలుసా?"

"అది ముందే తెలుసు. మనిషెవరో తెలిసింది ఏడో మెట్టని రాసిన రోజు. నేను మెట్లు దిగేటప్పుడు అక్కడ ఆగుతాను. ఆ చప్పుడు కిందనుంచి వినేది అతనొక్కడే."

"మరి ఎందుకు అడగలేదు?"

ఆవిడ కిటికీవైపు తిరిగింది.

"అది ఎనభై ఎనిమిదోది. ఇంకా పన్నెండున్నాయి కదా అనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ తల వంచుకున్నాడు. పిన్నీసు పెట్టిన కఫ్ తప్ప చూడటానికి ఆయనకు ఇంకేమీ కనిపించలేదు.

"మాటలు రాని మనిషి, ఇలాగైనా మాట్లాడుతున్నాడనుకున్నా," అంది టైలరమ్మ. "హామీ అడిగితే ఇచ్చాను. నాకు పన్నెండు రోజులు తీపిగా ఉంది. ఎవరికో రెండు వేళ్లు మొద్దుబారాయి. స్టేట్‌మెంట్‌లో అది కూడా రాయండి. నా తప్పు రాయకుండా వదలకండి."

ఆయన రాశాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు.

లేచేటప్పుడు ఆవిడ చూపు ఆయన చేతిమీద పడింది.

"ఆ పిన్నీసు ఎన్నాళ్లనుంచి?"

"నెలపైనే అయింది."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

* * *

తర్వాతి శుక్రవారం. ఉదయం ఆరూ పది.

క్వార్టర్స్‌లో ఇన్‌స్పెక్టర్ చల్లారిపోతున్న టీ ముందు కూర్చుని ఫోను చూస్తున్నాడు. 'సూదీదారం'లో కొత్త అకౌంట్ తెరిచి మూడు రోజులైంది. పేరు 'ఊడినగుండీ'. పోస్టులు సున్నా.

పాతకత్తెర పోస్టు వచ్చింది.

'ఇంటికొచ్చాను. గౌను పూర్తిచేశాను.'

నిమిషం గడిచింది. రెండు. కింద ఎవరూ ఏమీ రాయలేదు.

ఇన్‌స్పెక్టర్ ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

'నా చొక్కాకి గుండీ ఊడింది.'

స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇరవై మాటలకంటే తక్కువ. ఈ పోస్టు లెక్కలోకి రాదు. అయినా పంపాలా?

పంపాడు.

ఆరూ పద్దెనిమిదికి జవాబు వచ్చింది.

'తీసుకురండి. ఏడోది జాగ్రత్త.'

ఇన్‌స్పెక్టర్ చొక్కా మడిచి సంచీలో పెట్టుకున్నాడు. టీ తాగడం మరిచిపోయాడు. ఆ ఉదయం క్వార్టర్స్ మెట్లు గబగబా దిగిపోయాడు. ఎన్నని లెక్కపెట్టలేదు.